పొటాషియం పక్కన ఎవరున్నారు?

మీ ప్రశ్న – నా జవాబు

గత నెల ఈ శీర్షికలో ఇస్కపల్లి ఉప్పు మడుల గురించి వచ్చిన ప్రశ్నకు జవాబిస్తూ సోడియం గురించి రాశాను. చివర్లో "సోడియం తమ్ముడు పొటాషియం సంగతి మరోసారి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ వాక్యం పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. కాలేజీలో ముప్పై ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పాను. రొయ్యల గుంటల దగ్గరి నుంచి, పొగాకు చేల నుంచి, వంటింటి నుంచి ఒకే మూలకం గురించి ఇన్ని ప్రశ్నలు రావడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. అందుకే ఈ నెల పేజీ మొత్తం పొటాషియానికే ఇస్తున్నాను. కొన్ని ఉత్తరాలను కుదించాను, మన్నించండి.

మా అమ్మకు కిడ్నీలు సరిగా పనిచేయడం లేదు. ఏడాదిగా మందులు వాడుతున్నాం. ఉప్పు తగ్గించమన్నారు. బజారులో "సోడియం తక్కువ" అని రాసి ఉన్న ఉప్పు కనిపిస్తే అది తెచ్చి కూరల్లో వేస్తున్నాను. కాస్త చేదు తగులుతోంది. ఇది వాడవచ్చా అమ్మా?
– ఒక పాఠకురాలు, కనిగిరి

ఈ ఉత్తరం అందిన రోజే ఈమెకు ఫోను చేసి "ఆ ప్యాకెట్టు ఈ పూటే ఆపేయండి, డాక్టరు గారికి చూపించండి" అని చెప్పాను. ఇదే పొరపాటు ఇంకెన్ని ఇళ్లలో జరుగుతోందో అన్న భయంతో మిగతా ప్రశ్నలన్నిటికంటే ముందు దీన్ని పెట్టాను.

ఆ ప్యాకెట్టు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. "పొటాషియం క్లోరైడ్" అని ఉంటుంది. మామూలు ఉప్పులో ఉండే సోడియంలో కొంత తీసేసి, ఆ చోట పొటాషియం పెట్టారు. మీ నాలుకకు తగిలిన చేదు దానిదే.

మన ఒంట్లో ఈ అన్నదమ్ములు చెరొక వైపు ఉంటారు. సోడియం ఎక్కువగా కణాల బయట, రక్తంలో ఉంటుంది. పొటాషియం కణాల లోపల ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 140 గ్రాముల పొటాషియం ఉంటే, అందులో నూటికి 98 పాళ్లు కణాల లోపలిదే. ప్రతి కణం గోడలోనూ ఒక పంపు ఉంది. అది మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తీసుకుంటుంది. మనం నిద్రపోతున్నా ఆ పని ఆగదు. దీన్ని 1957లో గుర్తించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ రెండు వైపుల తేడా వల్లే నరం కబురు మోస్తుంది, గుండె కొట్టుకుంటుంది.

రక్తంలో తిరిగే పొటాషియం చాలా కొద్ది. లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. తిండిలో ఎక్కువైనదాన్ని బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీలే. కాలువ చివర తూము మూసుకుపోతే నీళ్లు చేలోనే నిలిచినట్టు, కిడ్నీలు బలహీనపడితే పొటాషియం రక్తంలో నిలిచిపోతుంది. అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. చాలామందిలో ముందు హెచ్చరిక ఏదీ కనిపించదు. నాకు భయం అందుకే.

కిడ్నీలు బాగున్న పెద్దవాళ్లకు ఇదే ఉప్పు మేలు చేస్తుంది. రక్తపోటు తగ్గడానికి సాయపడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీన్ని సూచించింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు మాత్రం ఆ సూచన వర్తించదని కూడా అందులోనే చెప్పింది. రక్తపోటుకు ఇచ్చే మాత్రల్లో కొన్ని కూడా రక్తంలో పొటాషియాన్ని పెంచుతాయి. అవి వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ ఉప్పు కొనకండి.

ఇంకో రెండు మాటలు. ఎండాకాలం నీరసంగా ఉందని అమ్మకు కొబ్బరి నీళ్లు ఇస్తారేమో, అందులో పొటాషియం చాలా ఎక్కువ. అరటిపండు కూడా అంతే. కూరగాయలు వండేటప్పుడు ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత దిగిపోతుంది. ఆ నీళ్లతో చారు పెట్టకండి. మామూలు ఇంట్లో ఆ నీళ్లు పారబోయడం నాకు మనసొప్పదు, కానీ మీ ఇంట్లో అదే మందు. ఏది ఎంత తినాలో రక్తపరీక్ష చూసి డాక్టరు చెప్పాలి. "పొటాషియం ఎంత ఉంది?" అని ప్రతిసారీ మీరే అడగండి.

పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయమంటారు. దాని బస్తా ధర ఎక్కువ. ఎర్ర పొటాష్ దానికంటే చవక. ఎరువుల కొట్టులో అడిగితే "రెండూ పొటాషే, ఎర్రదానిలో బలం ఇంకా ఎక్కువ" అన్నారు. నిజమేనా మేడమ్ గారూ?
– పొగాకు రైతు, కొండపి దగ్గరి పల్లె

బస్తా మీది అంకె వరకే చూస్తే కొట్టు ఆయన మాట నిజం. ఎర్రది మ్యూరేట్ ఆఫ్ పొటాష్, దాని మీద 60 అని ఉంటుంది. అది పొటాషియం ఆక్సైడ్ లెక్కలో వేసిన శాతం, అసలు పొటాషియం అంతకంటే తక్కువ. సల్ఫేట్ బస్తా మీద 50 అని ఉంటుంది. కానీ పొటాషియం ఒంటరిగా బస్తాలోకి రాదు, ఎప్పుడూ పక్కన ఒకరిని తీసుకునే వస్తుంది. ఎర్ర పొటాష్‌లో ఆ పక్కవాడు క్లోరైడ్. 50 కిలోల బస్తా చల్లితే దాదాపు 23 కిలోల క్లోరైడ్ కూడా మీ చేలో చల్లినట్టే. ఆ లెక్క బస్తా మీద పెద్ద అక్షరాల్లో ఉండదు.

వరికి దానివల్ల ఇబ్బంది లేదు. పొగాకు మొక్క మాత్రం క్లోరైడ్‌ను ఆబగా పీల్చి ఆకులో దాచుకుంటుంది. అలాంటి ఆకు తేమను వదలదు, బ్యారన్‌లో (ఆకును వేడికి ఆరబెట్టే గదిలో) సరిగా రంగు తిరగదు, అన్నిటికీ మించి నిలకడగా కాలదు.

మా చిన్నాన్నకు ఒంగోలు వైపు బ్యారన్ ఉండేది. క్యూరింగ్ అయిన ఆకు దించగానే ఒక చిన్న ముక్క చించి, అంచుకు నిప్పు అంటించి, మంటను ఉఫ్ అని ఊదేవాడు. తరువాత మాట్లాడకుండా చూస్తూ కూర్చునేవాడు. మంచి ఆకు అయితే ఎర్రటి అంచు చీమలబారులా నెమ్మదిగా లోపలికి పాకుతూ పోయేది, వెనక తెల్లటి బూడిద మిగిలేది. ఒక ఏడు కొత్త బోరు నీళ్లు పెట్టిన మడి ఆకును అలాగే వెలిగించాడు. అంచు రెండు వేళ్ల వెడల్పు కూడా పాకకుండానే నల్లబడి చచ్చిపోయింది. ఆ బోరు నీళ్లు ఉప్పన. అంతకుముందు మడుల్లోని ఆకును పాకించింది పొటాషియం. ఆ ఏడు ఈ ఆకును ఆర్పింది క్లోరైడ్. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. పుస్తకంలో క్షార లోహాల పాఠం అర్థమైంది ఆ బ్యారన్ ముందే.

కాబట్టి పొగాకుకు సల్ఫేటే వేయండి. సల్ఫేట్ మొక్కకు గంధకం కూడా ఇస్తుంది. బోరు నీళ్లలో క్లోరైడ్ ఎంత ఉందో కూడా పరీక్ష చేయించండి. సల్ఫేట్ బస్తాకు డబ్బు పోసి ఉప్పునీళ్లు పారించితే ఆ ఖర్చంతా వృథా. కందుకూరులో పొగాకు పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ అడగండి. పొటాష్ చాలకపోతే ముందు కింది ఆకులే చెబుతాయి. కొనలు, అంచులు మచ్చలుగా పసుపుబారి, తరువాత మాడతాయి. మొక్క కింది ఆకుల నుంచి పొటాషియం లాగి చిగురుకు పంపుకుంటుంది కాబట్టి అలా జరుగుతుంది.

మీరు ఎప్పటికైనా పొగాకు మాని వేరే పంటకు మారితే నేను సంతోషిస్తాను. ఆ ఆకు తాగేవాళ్లకు ఏం చేస్తుందో తెలిసి ఆ మాట చెప్పకుండా ఉండలేను. కానీ మీరు అడిగింది ఈ ఏటి పంట గురించి, జవాబు దాని గురించే ఇచ్చాను.

మాది బోరు నీళ్ల మీద వేసిన వనామి గుంట. సెలినిటీ (నీటి ఉప్పదనం) 5 ఉంది. వల వేసి చూస్తే కొన్ని రొయ్యలు కండ తెల్లబడి, వంగి బిగుసుకుపోతున్నాయి. పొటాష్ తక్కువైందని ఎర్ర పొటాష్ చల్లమన్నారు. చల్లితే వారం బాగుంటోంది, మళ్లీ పరీక్షలో తగ్గిపోతోంది. పొటాష్ ఎక్కడికి పోతోంది?
– విడవలూరు నుంచి ఒక రైతు

చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు వెతుక్కుంటూ మా ఊరి అభ్రకం దాకా వెళ్లాల్సి వచ్చింది.

ముందు గుంట సంగతి. సముద్రపు నీటిలో సెలినిటీ 35 ఉన్నచోట లీటరుకు పొటాషియం 380 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. సోడియం దానికి సుమారు 28 రెట్లు. రొయ్య పుట్టుకతో ఆ పాళ్లకు అలవాటుపడిన జీవి. బోరు నీళ్లు నాలుకకు సముద్రం నీళ్లలాగే ఉప్పగా తగలవచ్చు, సెలినిటీ మీటరు కూడా 5 అనే చూపిస్తుంది. కానీ ఆ ఉప్పదనమంతా సోడియంది కావచ్చు. భూమిలోంచి ఊరి వచ్చేటప్పుడు దారిలోని బంకమన్ను పొటాషియాన్ని పట్టేసుకుంటుంది. మనిషి కణాల్లో చెప్పిన పంపే రొయ్యలోనూ ఉంది. పొటాషియం దొరకకపోతే అది సరిగా తిరగదు, కండ బిగుసుకుంటుంది, పొట్టు విడవడం కష్టమవుతుంది.

సెలినిటీ 5 ఉన్న మీ గుంటలో లీటరుకు సుమారు 53 నుంచి 55 మిల్లీగ్రాముల పొటాషియం ఉండేలా చూడాలి. సెలినిటీని పదిన్నర, పదకొండుతో హెచ్చవేస్తే ఆ లెక్క వస్తుంది. ఎకరం గుంటలో నాలుగు అడుగుల నీళ్లు ఉంటే దాదాపు 4,900 ఘనపు మీటర్లు. అందులో లీటరుకు 10 మిల్లీగ్రాములు పెంచాలంటే 49 కిలోల పొటాషియం కావాలి. ఎర్ర పొటాష్‌లో పొటాషియం సగమే కాబట్టి రెండు బస్తాలు పడతాయి. ఈ లెక్క దగ్గర పెట్టుకుంటే ఎవరో చెప్పినన్ని బస్తాలు చల్లే పని ఉండదు. నీళ్లలో పొటాషియం ఎంతో విడిగా పరీక్ష చేయించండి, మీటరును నమ్మకండి.

పైన పొగాకుకు వద్దన్న ఎర్ర పొటాష్ ఇక్కడ ఎలా పనికొస్తుందని మీకు సందేహం రావచ్చు. మీ గుంట నీళ్లలో క్లోరైడ్ ఇప్పటికే నిండా ఉంది, రొయ్య దాంట్లోనే బతుకుతుంది. ఇంకాస్త కలిస్తే దానికి ఏమీ కాదు. చవకైనదే వేయండి.

ఇక అది ఎక్కడికి పోతోంది? మీ గుంట అడుగు మట్టిలోకి. బంకమన్ను రేణువు పైకి ముద్దలా కనిపించినా లోపల పేజీల కట్టలా ఉంటుంది. ఆ పేజీల మధ్య పొటాషియం అయాను సరిగ్గా ఇమిడే గుంతలు ఉంటాయి. సోడియం ఇమడదు, పొటాషియం ఇముడుతుంది, కూర్చున్నాక లేవదు. కొత్త గుంటల్లో ఈ దాహం ఎక్కువ. ఒకేసారి గుమ్మరించకుండా కొంచెం కొంచెంగా, వారం వారం పరీక్ష చూసుకుంటూ వేయండి. పంట తరువాత ఆ నీళ్లు పారేయకుండా దాచుకుని మళ్లీ వాడగలిగితే కొంత ఖర్చు మిగులుతుంది.

మా ఊరి చుట్టూ పాత అభ్రకం గనుల చెత్త గుట్టలుగా పడి ఉంది. అభ్రకంలో పొటాషియం ఉంటుందని విన్నాను. పొడి చేసి పొలానికి వేస్తే పొటాష్ ఖర్చు తప్పుతుంది కదా?
– ఒక యువకుడు, సైదాపురం

బాబూ, నీ ఉత్తరం చదివి ఆ రోజంతా మా అమ్మను తలుచుకున్నాను. అమ్మ గూడూరు వైపు ఒక మైకా షెడ్డులో అభ్రకం ఒలిచేది. బడి లేని రోజుల్లో నేనూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. నేల మీద గోనెపట్టా, ఎడమచేతి బొటనవేలికి గుడ్డ చుట్ట, కుడిచేతిలో పల్చటి కత్తి. దిమ్మను నిలబెట్టి మూల మీద కత్తి మొనతో చిన్నగా తట్టేది. ఎక్కడో ఒక చోట సన్నటి గీత తెరుచుకునేది. అందులోకి కత్తి పెట్టి తోస్తే బలం అక్కర్లేదు, టిక్కుమని చిన్న శబ్దంతో పలక విడిపోయి అరచేతిలో పడేది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి మచ్చలున్నాయేమో చూసేది. మన నెల్లూరు అభ్రకానికి లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఆ పలకలోంచి చూస్తే అమ్మ ముఖం పచ్చగా కనిపించేది. మళ్లీ కత్తి పెట్టేది, అదే పలక రెండయ్యేది, ఆ రెండూ నాలుగయ్యేవి. ఎంత పల్చబడినా ఇంకా విడిపోతూనే ఉండేది. "ఇది ఎక్కడ ఆగుతుందమ్మా?" అని అడిగితే, "నా కంటికి ఆనినంతవరకే" అనేది.

అది ఎక్కడ ఆగుతుందో కాలేజీలో చేరాక తెలిసింది. తెల్ల అభ్రకంలో సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి చాలా గట్టి పొరలు కడతాయి. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో పది లక్షల వంతు. పొరకూ పొరకూ మధ్య పొటాషియం అయాన్లు వరుసగా కూర్చుని ఉంటాయి. ఒక్కొక్కటి చుట్టూ పన్నెండు ఆక్సిజన్‌లు. పొర లోపలి బంధాలు చాలా బలమైనవి, పొటాషియం పట్టు వాటి ముందు చాలా బలహీనం. అందుకే కత్తి ఎప్పుడూ ఆ వరుస వెంటే నడుస్తుంది. అమ్మ పాతికేళ్లు ఒలిచింది ఆ వరుసలనే. ఈ సంగతి నేను చెప్పేనాటికి ఆమె చూపు మందగించింది. పాత పలక ఒకటి చేతికిచ్చి చెప్పాను. అంచు వేలితో తడిమి "అయితే పట్టు వదిలే చోటు అదన్నమాట" అంది.

ఇప్పుడు నీ ప్రశ్న. తెల్ల అభ్రకంలో బరువులో సుమారు పదో వంతు పొటాషియమే. గుట్టల కొద్దీ ఉంది, నిజమే. కానీ కత్తికి లొంగినంత తేలిగ్గా వేరుకు లొంగదు. వేరు నీళ్లలో కరిగినదాన్ని మాత్రమే తాగగలదు. అభ్రకంలోని పొటాషియం పొరల అంచుల నుంచి ఎంతో నెమ్మదిగా ఊడి వస్తుంది, ఒక పంట కాలంలో నీకు చాలినంత రాదు. వ్యర్థ అభ్రకాన్ని మెత్తగా పొడిచేసి కంపోస్టులో కలిపి, పొటాషియాన్ని కరిగించే బాక్టీరియాను చేర్చి, దాన్ని వదిలించే పరిశోధనలు మన దేశంలో జరిగాయి. కంపోస్టులో పుట్టే ఆమ్లాలు ఆ పని కొంత చేస్తాయి. నీకు ఆసక్తి ఉంటే ఒక చిన్న మడిలో పెంటతో కలిపి మాగబెట్టి చూడు, పక్క మడిలో మామూలుగా వేసి రెండూ పోల్చు. పొటాష్ ఎరువు కోసం మన దేశం దాదాపు పూర్తిగా దిగుమతుల మీదే ఆధారపడి ఉంది. కెనడా, రష్యా, ఇజ్రాయెల్, జోర్డాన్‌ల నుంచి ఓడల్లో వస్తుంది. అందుకే ఇలాంటి ప్రయత్నం మీద నాకు గౌరవం ఉంది.

ఒక్క షరతు. పొడి చేసేటప్పుడు ముక్కుకు మాస్కు లేకుండా దగ్గరికి వెళ్లకు, తడిపి చేయి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. మా అమ్మతో పనిచేసినవాళ్ల దగ్గు నాకు ఇంకా వినిపిస్తుంది.

బూడిద పొలానికి మంచిదేనా? వరిగడ్డి తగలబెడితే పొటాష్ పోతుందా, ఉంటుందా?
– ఆత్మకూరు

పొటాషియం మంటకు పోదు, చాలావరకు బూడిదలో ఉంటుంది. ఆ మూలకానికి పేరు వచ్చింది కూడా బూడిద వల్లే. పూర్వం యూరప్‌లో కట్టెల బూడిదను నీళ్లలో నానబెట్టి, తేటను కుండల్లో మరిగించి తెల్లటి క్షారం తీసేవాళ్లు. దాన్ని "కుండ బూడిద" అనే అర్థంలో పొటాష్ అన్నారు. మన పెద్దవాళ్లు అంట్లు తోమింది ఆ క్షారంతోనే. వరి మొక్క తీసుకున్న పొటాషియంలో చాలా భాగం గడ్డిలోనే ఉంటుంది, గింజలోకి వెళ్లేది కొద్దే. కాబట్టి గడ్డి మొత్తం పొలం దాటించినా నష్టమే. కానీ తగలబెట్టడం దానికి విరుగుడు కాదు. నత్రజని, గంధకం గాలిలో కలిసిపోతాయి, నేలకు కావలసిన సేంద్రియ పదార్థం మాడిపోతుంది, మిగిలిన బూడిద మొదటి వానకే కొట్టుకుపోతుంది. దున్ని కలపండి, లేదా పశువులకు వేసి పెంట తెచ్చి వేయండి. రైసు మిల్లు ఊక బూడిద వేరు, అది ఎక్కువగా సిలికానే.

అరటిపండులో రేడియోధార్మికత ఉందట. తినవచ్చా?
– ఒంగోలు

తినండి. పొటాషియంలో పదివేల పాళ్లకు ఒక పాలుకు కాస్త పైగా పొటాషియం–40 అనే రకం ఉంటుంది. అది నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది. సగం కరిగిపోవడానికి 125 కోట్ల సంవత్సరాలు పడుతుంది. అరటిపండు తిన్నా మానినా మీ ఒంట్లో ఇప్పుడే సెకనుకు నాలుగు వేలకు పైగా అలాంటి విచ్ఛిన్నాలు జరుగుతున్నాయి. ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీలు పంపేస్తాయి కాబట్టి అది పేరుకోదు. మనం పీల్చే గాలిలో దాదాపు నూటికి ఒక పాలు ఉండే ఆర్గాన్ వాయువు ఎక్కువగా ఈ పొటాషియం–40 నుంచే పుట్టింది. అభ్రకం పొరల మధ్య చిక్కుకున్న ఆర్గాన్‌ను కొలిచి భూగర్భ శాస్త్రవేత్తలు రాతి వయసు లెక్కిస్తారు.

మా ల్యాబులో సోడియం చూపించారు, నీళ్లలో వేసి పరుగెత్తించారు. పొటాషియం మాత్రం "వద్దు" అన్నారు. అది ఎలా ఉంటుంది? ఎందుకు వద్దన్నారు? పాత సీసా ఒకటి అల్మారాలో ఉంది మేడమ్.
– ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి, కావలి

మీ లెక్చరర్ సరిగ్గా చేశారు.

పొటాషియం ముక్కను కిరోసిన్‌లోంచి పటకారుతో తీసి, అద్దుడు కాగితంతో తుడిచి చాకుతో కోస్తే వెన్న గడ్డలా తెగుతుంది. కోసిన ముఖం కొత్త వెండిలా మెరుస్తుంది. ఆ మెరుపు చూడాలంటే రెప్ప వేయకూడదు. నువ్వు చూస్తుండగానే నీలిబూడిద రంగు పొగమంచులా కమ్మేస్తుంది. కందిపప్పు బద్దంత ముక్కను నీళ్లలో వేస్తే మునగదు, నీటికంటే తేలిక. 63.5 డిగ్రీలకే కరిగే లోహం కాబట్టి ఆ చర్య వేడికే గుండ్రటి బిందువై నీటి మీద అటూ ఇటూ పరుగెడుతుంది. వెలువడిన హైడ్రోజన్ అంటుకుని ఊదారంగు మంట లేస్తుంది. చివర్లో చిటపటమని చిట్లి తుంపర్లు ఎగురుతాయి. నీటిలో ముందే ఫినాఫ్తలీన్ చుక్క వేసి ఉంటే వెనక గులాబీరంగు దారి కనిపిస్తుంది. అది పొటాషియం హైడ్రాక్సైడ్.

సోడియం చివరి ఎలక్ట్రాన్ మూడో కక్ష్యలో ఉంటే పొటాషియంది నాలుగో కక్ష్యలో ఉంది. కేంద్రకానికి దూరం పెరిగింది, పట్టు తగ్గింది, అందుకే ఇంకా తేలిగ్గా వదిలేస్తుంది. 1807 అక్టోబరులో లండన్‌లో హంఫ్రీ డేవీ కాస్త తేమ తగిలిన క్షారంలోకి విద్యుత్తు పంపి దీన్ని మొదటిసారి విడదీసినప్పుడు, ఆ చిన్న బిందువులు పైపొర పగిలి అంటుకోవడం చూసి ఆనందంతో గదిలో గెంతాడట. ప్రాక్టికల్స్‌లో జ్వాలా పరీక్ష చేసేటప్పుడు ఊదారంగు కనిపించకపోతే కంగారుపడకు. కాస్త సోడియం కలిసినా దాని పసుపు మంట ఊదాను కప్పేస్తుంది. నీలి కోబాల్ట్ గాజులోంచి చూడు, పసుపు ఆగిపోతుంది, ఊదా మిగులుతుంది.

ఇక ఆ పాత సీసా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీలో నా కళ్లముందు జరిగింది చెబుతాను. సీసాలో కిరోసిన్ సగం ఆవిరైపోయి, పొటాషియం కడ్డీ మీద పసుపు, నారింజ కలిసిన పెచ్చు కట్టి ఉంది. మా అటెండరు ఆ పెచ్చు గీకి శుభ్రం చేద్దామని కత్తి ఆనించాడు. పేలింది. మండుతున్న ముక్కలు బల్ల మీద, ఆయన ముంజేతి మీద పడ్డాయి. పక్కన ఎవరో నీళ్ల బకెట్టు ఎత్తారు, నేను అరిచి ఆపాను. పొడి ఇసుక కుమ్మరించాం. ఆయన చేయి మానడానికి చాలా రోజులు పట్టింది. ఆ సీసాను ముందే చూసి పక్కన పెట్టించాల్సిన బాధ్యత నాది.

సోడియం పాతబడితే ఇంత ప్రమాదం రాదు. పొటాషియం మాత్రం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సూపరాక్సైడ్ అనే పసుపు పదార్థంగా మారుతుంది. గని ప్రమాదాల్లో ఊపిరి ఆడటానికి వాడే పరికరాల్లో ఇదే పదార్థం ఆక్సిజన్ ఇచ్చి ప్రాణం నిలుపుతుంది. కానీ కత్తి ఒత్తిడికి అది శుభ్రమైన లోహంలోకి, కిరోసిన్‌లోకి దిగితే పేలుతుంది.

కాబట్టి మీ అల్మారాలోని సీసా మూత తీయవద్దు, కదపవద్దు, కిరోసిన్ తగ్గిందని కొత్తది పోయవద్దు. పసుపు పెచ్చు కనిపిస్తే తలుపుకు తాళం వేయించి, "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించి, ఇలాంటివి తొలగించే అనుభవం ఉన్నవాళ్లను పిలిపించమని చెప్పాలి. ఈ పేజీ రేపే మీ లెక్చరర్ గారికి చూపించు.